ఐదో వారంలో పగిలిన సీసాలు: ఇంటి బీరు తయారీలో తొలి పొరపాట్లు, పనిముట్ల ఇబ్బందులు

తొలికాపు (డాలస్, టెక్సస్)

సభ్యులందరికీ నమస్కారం. ఏడాదిగా ఇంట్లో బీరు తయారుచేస్తున్నాను. ఇప్పటికి మూడు బ్యాచ్‌లు పూర్తయ్యాయి. మూడూ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నుంచి తీసిన చిక్కటి పాకం) కిట్లతో, ఒక్కొక్కటి 5 గ్యాలన్ల చొప్పున, అంటే సుమారు 19 లీటర్ల చొప్పున చేసినవే. మూడింటిలోనూ ఏదో ఒక లోపం వచ్చింది కనుక జరిగింది జరిగినట్టు చెప్పి మీ సలహా అడుగుదామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మొదటిది ఆగస్టులో చేశాను. దానికి గోళ్ల రంగు తుడిచే ద్రవం లాంటి వాసన వచ్చింది, తాగితే గొంతు మండింది. రెండవదాన్ని కాచిన రోజున హైడ్రోమీటరులో (ద్రవం ఎంత చిక్కగా ఉందో చూపే పరికరం, మంచినీళ్లకు 1.000 చూపుతుంది) 1.050 రావలసి ఉండగా 1.032 మాత్రమే వచ్చింది. సరుకు తక్కువైందనుకొని ఒక పౌను పంచదార కలిపాను. రెండు రోజులైనా ఎయిర్‌లాక్‌లో (గ్యాసును బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని మూత గొట్టం) బుడగలు కనిపించకపోవడంతో ఇంకో ఈస్ట్ పొట్లం కూడా వేశాను. చివరికి అది పల్చగా, ఘాటుగా తయారైంది.

నా అసలు ఆందోళన మూడవదాని గురించి. అది అమెరికన్ పేల్ ఏల్ అనే లేత రంగు బీరు. మొదటి కొలత 1.050, రెండు వారాల తరువాత 1.012 వచ్చాయి. సీసాల్లో గ్యాసు పట్టడానికి 125 గ్రాముల మొక్కజొన్న చక్కెరను నీళ్లలో మరిగించి కలిపి, 50 సీసాలకు ఎత్తాను. నిన్న రాత్రి, అంటే సీసాలకు ఎత్తిన ఐదో వారంలో, అలమరలో రెండు సీసాలు పగిలి గాజు పెంకులు గది సగం దాకా పడ్డాయి. ఆ సమయంలో పిల్లలు అక్కడ లేకపోవడం మా అదృష్టం. వేరే సీసా ఒకటి తెరిస్తే సగం బీరు నురగగా బయటికి పొంగింది, మిగిలిన సగం మందుల కొట్టు వాసన వేస్తోంది. ఇది చక్కెర ఎక్కువ కావడం వల్ల జరిగిందా, మరేదైనా కారణమా?

నిర్వాహకుడు (మినియాపొలిస్)

తొలికాపు గారూ, కారణం తరువాత వెతుకుదాం. ముందు ఆ 47 సీసాల సంగతి చూడండి. వాటిని చేత్తో కదిలించకండి. అలమర తలుపు మూసి, ముందు మందపాటి దుప్పటి వేలాడదీసి, పిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి. కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు మందపాటి తోలు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకున్న తరువాతనే సీసాల మీద రెండు మూడు తువ్వాళ్లు కప్పి, పెట్టెతో సహా ఐస్ నింపిన కూలర్‌లోకి దించండి. బీరు చల్లబడేకొద్దీ కార్బన్ డయాక్సైడ్ అందులో కరుగుతుంది కాబట్టి పైభాగంలో ఒత్తిడి తగ్గుతుంది. ఒక రోజంతా చల్లబడిన తరువాత, తువ్వాలు కప్పి ఉంచే, మూతలను ఒక్కొక్కటిగా కొంచెం లేపి గ్యాసు వదలండి. రుచి చూడటానికి ఆరేడు సీసాలు ఉంచుకుంటే చాలు. మిగతాది పారబోయడానికి మనసు ఒప్పకపోయినా పారబోయడమే మేలు.

ఊకరాశి (శాన్ హోసే)

మందుల కొట్టు వాసన అనగానే నాకు నీటి మీద అనుమానం కలుగుతుంది. డాలస్ నగరపు కుళాయి నీటిలో క్లోరమిన్ కలుపుతారు. మాల్ట్, హాప్స్ (చేదుకు, వాసనకు వేసే పూలు), ఈస్ట్‌ల నుంచి వచ్చే ఫినాల్‌లతో అది కలిస్తే క్లోరోఫినాల్‌లు ఏర్పడతాయి. వాటి వాసన దెబ్బకు వేసే ప్లాస్టరును, ఆసుపత్రి వరండాను గుర్తుచేస్తుంది, అతి స్వల్పంగా ఉన్నా నాలుకకు తెలిసిపోతుంది. ఒట్టి క్లోరిన్ అయితే నీటిని మరిగిస్తే పోతుంది. క్లోరమిన్ అంత సులువుగా పోదు. దీనికి మందు చాలా చవక. పొటాషియం మెటాబైసల్ఫైట్‌తో చేసిన క్యాంప్‌డెన్ బిళ్ల ఒకటి 20 గ్యాలన్ల నీటికి సరిపోతుంది. 5 గ్యాలన్లకు పావు బిళ్ల పొడిచేసి కలిపి కొన్ని నిమిషాలు ఆగితే చాలు. ఫెర్మెంటరులో (బీరు పులిసే పాత్రలో) చల్లటి నీళ్లు కలిపి 5 గ్యాలన్లకు సరిచేసేటప్పుడు ఆ నీటికి కూడా ఈ పని చేయాలని కొత్తవారికి తోచదు.

గోదారిగట్టు (ఎడిసన్, న్యూజెర్సీ)

ఊకరాశి గారు చెప్పినది నీటి విషయంలో ముమ్మాటికీ నిజం, తొలికాపు గారు ఆ బిళ్లలు ఎలాగూ తెచ్చుకోవాలి. అయితే పగిలిన సీసాలకు క్లోరమిన్ కారణం కాజాలదు. క్లోరోఫినాల్ వాసన కాచిన రోజునుంచే బీరులో ఉంటుంది, అది వారాలు గడిచేకొద్దీ పుట్టుకొచ్చేది కాదు, గ్యాసును పుట్టించేది అంతకన్నా కాదు. అందువల్ల మూడు ప్రశ్నలు అడుగుతాను, వీటికి జవాబు తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

సీసాలకు ఎత్తిన రోజున హైడ్రోమీటరు కోసం తీసిన నమూనాను రుచి చూశారా, అప్పుడు ఆ వాసన ఉందా? పొంగడం అన్ని సీసాల్లోనూ ఉందా, కొన్నింటిలోనేనా? మూడవది, సీసాలు నింపే బకెట్‌కు అడుగున ఉండే ప్లాస్టిక్ కుళాయిని చివరిసారిగా ఎప్పుడు విప్పి కడిగారు?

రెండవ ప్రశ్న ఎందుకంటే, కొన్ని సీసాలు మాత్రమే పొంగితే ఆ సీసాల అడుగున మురికి ఉండిపోయిందని గాని, చక్కెర పాకం సరిగా కలవక చివర నింపిన సీసాల్లోకి ఎక్కువ చేరిందని గాని అనుకోవాలి. అన్నీ పొంగితే లోపం సీసాల్లో లేదు, వాటికంటే ముందు బీరు తాకిన చోటెక్కడో ఉంది. చక్కెర సంగతికి వస్తే, 19 లీటర్లకు 125 గ్రాములు సరైన పాళ్లే, దాని మీద నింద వేయనవసరం లేదు. ఇంకొక పని కూడా చేయండి. చల్లారిన సీసా బీరును ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పదిసార్లు తిరగబోసి, గ్యాసంతా పోయాక, గది వేడికి వచ్చాక హైడ్రోమీటరుతో కొలవండి. అంతకుముందు అదే హైడ్రోమీటరును మంచినీళ్లలో ముంచి 1.000 చూపుతోందో లేదో చూడండి. లోపలి కాగితం జారిపోయి తప్పు చూపే హైడ్రోమీటర్లను నేను రెండు చూశాను.

తొలికాపు (డాలస్, టెక్సస్)

గోదారిగట్టు గారికి, నిర్వాహకుల వారికి కృతజ్ఞతలు. సీసాలన్నీ క్షేమంగా చల్లబరచి గ్యాసు వదిలాను. ఏడు ఉంచుకొని మిగతావి పారబోశాను.

ఎత్తిన రోజున నమూనా రుచి చూశాను, అప్పుడు ఆ వాసన లేదు. ఇప్పుడు తెరిచిన ఏడూ ఒకే తీరుగా పొంగాయి. హైడ్రోమీటరు మంచినీళ్లలో సరిగ్గా 1.000 చూపింది. గ్యాసు తీసిన బీరు 1.006 చూపింది, అంటే సీసాలకు ఎత్తిన నాటి 1.012 నుంచి ఆరు పాయింట్లు దిగింది.

ఇక కుళాయి. అది రెండు ముక్కలుగా విడుతుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి, లోపలి గొట్టాన్ని వెనకనుంచి నెడితే ఊడి వచ్చింది. రెండు గొట్టాల సందులో, రబ్బరు వాషరు వెనక, గోధుమరంగు జిగురు పేరుకొని ఉంది. వాసన చూస్తే ఆ సీసాల వాసనే. మూడు బ్యాచ్‌లూ దాని గుండానే పోశానని తలచుకుంటే చాలా బాధ కలిగింది.

గోదారిగట్టు (ఎడిసన్, న్యూజెర్సీ)

మీ కొలతలే మొత్తం కథ చెప్పాయి. లీటరు బీరులో లీటరు కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటే దాన్ని ఒక వాల్యూమ్ అంటాము. హైడ్రోమీటరు ఒక్క పాయింటు దిగితే దాదాపు అర వాల్యూమ్ గ్యాసు పుడుతుంది. మీరు వేసిన చక్కెరతో పేల్ ఏల్‌కు తగిన రెండున్నర వాల్యూములు వచ్చాయి, దాని మీద ఆరు పాయింట్లు దిగడంతో మరో మూడు చేరాయి. మామూలు బీరు సీసాలను మూడు వాల్యూములకు మించి నమ్మకూడదు, అలాంటిది మీ సీసాలు ఐదున్నర మోశాయి.

మామూలు ఏల్ ఈస్ట్ 1.012 దగ్గర ఎందుకు ఆగిందంటే, మాల్ట్‌లోని డెక్‌స్ట్రిన్‌లను, అంటే పెద్ద గొలుసుల పిండి పదార్థాలను, అది తినజాలదు. అడవి ఈస్ట్‌లలో కొన్ని, ముఖ్యంగా డయాస్టాటికస్ అనే రకం, ఆ గొలుసులను తెంచే ఎంజైమును తామే విడుదల చేసుకొని, ఆ వచ్చిన చక్కెరను నిదానంగా వారాల తరబడి తింటాయి. అందుకే మొదటి రెండు మూడు వారాలు సీసాలు బాగున్నట్టు కనిపిస్తాయి. లవంగం, మందుల వాసన కూడా వాటి సొత్తే. ప్రయోగశాలలో చూడకుండా పేరు పెట్టి ఇదేనని చెప్పలేము గాని, పల్చబడటం, వాసన, ఆలస్యంగా ఒత్తిడి పెరగడం, ఈ మూడూ కలిసి వచ్చినప్పుడు నేను మరో కారణం కోసం వెతకను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నేను కూడా రెండేళ్లపాటు ఈ తేడా తెలుసుకోలేదు. శుభ్రం చేయడం వేరు, శానిటైజ్ చేయడం, అంటే క్రిములను చంపడం వేరు. మనం వాడే ఆమ్లపు శానిటైజర్‌ను 19 లీటర్ల నీటికి ఒక ఔన్సు, అంటే 30 మిల్లీలీటర్లు కలిపితే, శుభ్రంగా ఉన్న ఉపరితలాన్ని అది ఒకటి రెండు నిమిషాల్లో సిద్ధం చేస్తుంది. ఉపరితలం మీద జిగురు ఉంటే అది జిగురు పైపొరను మాత్రమే తాకి, కింద బతికి ఉన్నవాటిని అలాగే వదిలేస్తుంది. అంట్లు తోమకుండా పసుపునీళ్లు చల్లినంత మాత్రాన గిన్నె శుభ్రం కాదు కదా. కాబట్టి ముందుగా సోడియం పెర్కార్బొనేట్ ఉన్న పొడిని వేడినీటిలో కలిపి అరగంట నానబెట్టి, కడిగి, ఆ తరువాతనే శానిటైజర్ వాడాలి.

కుళాయి కొన్ని డాలర్ల వస్తువు, దాన్ని పారవేసి కొత్తది కొనండి. మెత్తటి గొట్టాలు, సీసాలు నింపే కడ్డీ కూడా మార్చండి. బకెట్ లోపల గీతలు పడి ఉంటే, అంటే ఎప్పుడైనా పీచుతో తోమి ఉంటే, దాన్ని బియ్యం పోసుకోవడానికి వాడుకోండి, బీరుకు వద్దు. కాచే గిన్నె, ఇమ్మర్షన్ చిల్లర్ (కాచిన రసాన్ని చల్లార్చడానికి అందులో ముంచే లోహపు గొట్టం చుట్ట) మాత్రం మరిగే ద్రవంలో ఉంటాయి కాబట్టి వాటి గురించి దిగులు పడనక్కరలేదు.

చలిమంట (ఫార్గో, నార్త్ డకోటా)

మూడవ బ్యాచ్ సంగతి తేలింది కనుక, మొదటిదాని గురించి నేను రాస్తాను. ఆగస్టులో డాలస్‌లో చేసి, గోళ్ల రంగు ద్రవం వాసన వచ్చిందంటే అది వేడి వల్ల వచ్చినదే.

మనవాళ్లు ఈ పొరపాటు చేయడానికి ఒక కారణం ఉందని నేను నమ్ముతాను. పులియబెట్టడం మనకు కొత్త కాదు. ఇడ్లీ పిండికి, దోసె పిండికి, పెరుగు తోడుకు వెచ్చదనం కావాలి. ఇక్కడి చలికాలంలో పిండి పులియక ఓవెన్‌లో దీపం వేసి అందులో గిన్నె పెట్టే ఇళ్లు ఎన్నో. నేను కూడా అదే అలవాటుతో మొదటి ఫెర్మెంటరును హీటరు పక్కన, దుప్పటి చుట్టి పెట్టాను. రెండు రోజుల్లో జోరుగా పొంగింది కనుక చాలా బాగా పులిసిందని సంతోషించాను. ఏల్ ఈస్ట్‌కు కావలసినది 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్. అంతకు చాలా మించితే అది గొంతు మండించే ఫ్యూసెల్ ఆల్కహాల్‌లు, ద్రావకం వాసన వేసే ఎస్టర్‌లు ఎక్కువగా వదులుతుంది. ఎన్ని నెలలు నిలవ ఉంచినా ఆ మంట పూర్తిగా పోదు.

ఇందులో ఇంకొక సూక్ష్మం ఉంది. పులిసేటప్పుడు ఈస్ట్ తానే వేడిని పుట్టిస్తుంది, అందువల్ల ఫెర్మెంటరు లోపలి ద్రవం గది కంటే మూడు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. గది 25 డిగ్రీలు ఉంటే లోపల 29 ఉండవచ్చు. గోడ మీది థర్మామీటరు చూసి ధైర్యపడకుండా, ఫెర్మెంటరుకు అంటించే పట్టీ థర్మామీటరు చూడాలి. మొదటి మూడు రోజులు దాన్ని చల్లగా ఉంచగలిగితే తరువాత కొంచెం పెరిగినా పెద్ద నష్టం లేదు. నిజానికి చివర్లో రెండు డిగ్రీలు పెరగనివ్వడం మంచిదే, వెన్న వాసన వేసే డయాసిటైల్‌ను ఈస్ట్ అప్పుడే తిరిగి లోపలికి తీసుకుంటుంది.

తొలికాపు (డాలస్, టెక్సస్)

చలిమంట గారు మా ఇంట్లో ఉండి చూసినట్టే రాశారు. పడకగది అలమరలో 26 డిగ్రీల దగ్గర పెట్టాను. పైగా ఆగస్టులో మా కుళాయి నీళ్లే గోరువెచ్చగా వస్తాయి. చిల్లర్‌లో ఎంతసేపు నీళ్లు పారించినా వర్ట్ (కాచిన, ఇంకా పులియని రసం) 33 డిగ్రీల కంటే దిగలేదు, విసిగిపోయి ఆ వేడిలోనే ఈస్ట్ వేశాను. వేరే ఫ్రిజ్ కొనడానికి ఇప్పుడు వీలు లేదు. ఇక్కడి వేసవిలో ఏం చేయవచ్చు?

ఎర్రమట్టి (హ్యూస్టన్, టెక్సస్)

పొరుగువాడిగా జవాబు చెబుతాను. చిల్లర్‌తో 35 డిగ్రీల దాకా దించిన తరువాత కుళాయి కట్టేయండి. ఒక బకెట్‌లో ఐసు నీళ్లు పోసి, అక్వేరియంలో వాడే చిన్న పంపుతో ఆ నీటిని చిల్లర్‌లో తిప్పండి. 20 డిగ్రీలకు దిగేదాకా ఈస్ట్ పొట్లం చించకండి. అవసరమైతే మూత పెట్టి రాత్రంతా అలాగే ఉంచి మరునాడు ఉదయం వేసినా, పాత్ర శుభ్రంగా ఉంటే ఏ ప్రమాదమూ లేదు.

పులిసేటప్పుడు చల్లగా ఉంచడానికి, ఫెర్మెంటరు సగం మునిగేంత నీరు పట్టే టబ్బులో దాన్ని నిలబెట్టి, ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి గడ్డకట్టిన నీటి సీసా వేయండి. మన ఊళ్లో కుండకు తడిగుడ్డ చుట్టినట్టు ఫెర్మెంటరుకు ఒక పాత నూలు చొక్కా తొడిగి, కింది అంచు నీటిలో మునిగేలా ఉంచి, చిన్న ఫ్యాను పెడితే డాలస్ లాంటి పొడిగాలిలో మరో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. హ్యూస్టన్ తేమలో ఈ చొక్కా ఉపాయం నాకు అంతగా పనిచేయలేదు, ఐసు సీసాల మీదే ఆధారపడ్డాను.

తరువాత ఎప్పుడైనా పాత ఫ్రిజ్, ఉష్ణోగ్రత నియంత్రిక కొంటే, దాని సెన్సరును గాలిలో వేలాడదీయకండి. ఫెర్మెంటరు పక్కకు ఆనించి, పైన స్పాంజి పెట్టి టేపు వేయండి. గాలిలో ఉంచితే తలుపు తెరిచిన ప్రతిసారీ కంప్రెసరు ఆడుతూ ఆగుతూ పాడైపోతుంది, బీరు వేడి మాత్రం ఎవరికీ తెలియదు. నా మొదటి ఫ్రిజ్ అలాగే పోయింది.

ఊకరాశి (శాన్ హోసే)

రెండవ బ్యాచ్ గురించి ఎవరూ చెప్పలేదు కనుక క్లుప్తంగా చెబుతాను. ఆ బీరులో అసలు ఏ తప్పూ లేదు, కొలతలోనే తప్పు జరిగింది. రెండున్నర గ్యాలన్ల చిక్కటి వర్ట్ మీద అంతే చల్లటి నీరు పోసినప్పుడు చిక్కనిది అడుగున, పల్చనిది పైన నిలుస్తాయి. మీరు పైనుంచి నమూనా తీశారు, అందుకే 1.032 వచ్చింది. ఎక్స్‌ట్రాక్ట్ మొత్తం వేసి, నీరు 5 గ్యాలన్లకు సరిచేస్తే కిట్ మీద రాసిన అంకె తప్పకుండా వస్తుంది, అది లెక్క. మీరు వేసిన పౌను పంచదార 5 గ్యాలన్లకు 9 పాయింట్లు కలిపి, నిజానికి 1.059 దగ్గర మొదలుపెట్టించింది. ఘాటు, పల్చదనం అక్కడివే.

ఎయిర్‌లాక్ బుడగలను లెక్కపెట్టడం మానేయండి. ప్లాస్టిక్ బకెట్ మూత అంచుల నుంచి గ్యాసు జారిపోతే బుడగ ఒక్కటి కూడా రాకుండా బీరు పూర్తిగా పులియగలదు. హైడ్రోమీటరు రెండు మూడు రోజుల తేడాతో ఒకే అంకె చూపిందా లేదా అన్నదే చూడాలి. ఎక్స్‌ట్రాక్ట్ వేసేటప్పుడు మంట పూర్తిగా ఆపి, అడుగు దాకా కలిపి, ఆ తరువాతనే మళ్లీ వెలిగించాలి. లేకపోతే అది పాకంలా అడుగంటి, మాడు వాసన బ్యాచ్ అంతటికీ పడుతుంది.

నిర్వాహకుడు (మినియాపొలిస్)

చలిదేశంలో సమస్య తిరగబడుతుందని కూడా నమోదు చేయాలి. మా నేలమాళిగలో శీతాకాలం 13 డిగ్రీలు ఉంటుంది. అక్కడ పెట్టిన సీసాలు మూడు వారాలైనా గ్యాసు పట్టక చప్పగా ఉన్నాయని కొత్త సభ్యులు తరచూ రాస్తారు, కొందరు మూతలు తీసి మళ్లీ చక్కెర వేస్తారు. అది ప్రమాదకరం. ఆ సీసాలను 21 డిగ్రీల గదిలోకి తెచ్చి, మెల్లగా తలకిందులు చేసి ఈస్ట్‌ను లేపి, మరో రెండు వారాలు ఉంచితే చాలు.

కొండగాలి (డెన్వర్, కొలరాడో)

ఎక్స్‌ట్రాక్ట్ కాకుండా ధాన్యం నుంచి మొదలుపెట్టేవారికి నా అనుభవం ఒకటి ఉపయోగపడవచ్చు. వరుసగా నాలుగు బ్యాచ్‌లు 1.022 దగ్గరే ఆగిపోయి తియ్యగా మిగిలాయి. ఈస్ట్ మార్చాను, ఆక్సిజన్ ఎక్కించాను, ఫలితం లేదు. చివరికి థర్మామీటరును దంచిన ఐసు నీళ్లలో పెడితే సున్నాకు బదులు మైనస్ 4 చూపింది. నేను 67 డిగ్రీల దగ్గర మ్యాష్ చేస్తున్నాననుకుంటూ, అంటే మాల్ట్ గింజలను వేడినీటిలో నానబెడుతున్నాననుకుంటూ, 71 దగ్గర చేస్తున్నాను. ఆ వేడికి బీటా అమైలేజ్ అనే ఎంజైము త్వరగా నశిస్తుంది, అందువల్ల ఈస్ట్ తినగలిగే చక్కెర తగ్గి డెక్‌స్ట్రిన్‌లు మిగిలిపోతాయి. ఐసు నీళ్ల పరీక్ష ఎవరైనా చేయవచ్చు. మరిగే నీళ్ల పరీక్ష చేసేవారు మాత్రం ఎత్తును గుర్తుంచుకోవాలి. సుమారు 1600 మీటర్ల ఎత్తున ఉన్న మా ఊళ్లో నీరు 95 డిగ్రీల దగ్గరే మరుగుతుంది.

గోధుమ మాల్ట్ ఎక్కువగా వేసినప్పుడు గింజల పడక బిగుసుకుపోయి రసం దిగదు, ఎందుకంటే గోధుమకు బార్లీ లాగ పొట్టు ఉండదు. గంజి వార్చేటప్పుడు మెతుకులు అడ్డుపడినట్టే ఇది కూడా. దీనికి విరుగుడు వరి ఊక. మన మిల్లుల దగ్గర కుప్పలుగా పోసి ఉండే ఊకను ఇక్కడ సంచుల్లో కట్టి అమ్ముతారు. దాన్ని తడిపి, గింజలతో కలిపితే రసానికి దారులు ఏర్పడతాయి. రుచిలో ఏ మార్పూ రాదు. మొదటిసారి ఆ సంచి విప్పినప్పుడు వచ్చిన వాసనకు మా తాతగారి కళ్లం కళ్ల ముందు నిలిచింది.

ఎర్రమట్టి (హ్యూస్టన్, టెక్సస్)

ఊకరాశి గారు పేరుకు తగ్గట్టు ఈ మాట తామే చెబుతారనుకున్నాను. విద్యుత్ గిన్నెలు వాడేవారికి ఒక హెచ్చరిక. ఇక్కడి 120 వోల్టుల, 15 ఆంపియర్ల సర్క్యూటు 1800 వాట్ల దాకా మోస్తుంది, గంటల తరబడి నిరంతరంగా అయితే 1440 వాట్లకు మించకూడదు. 1600 వాట్ల గిన్నెను మైక్రోవేవ్ ఉన్న వంటింటి సర్క్యూటు మీదే పెట్టి, బ్రేకరు పడిపోతోందని గిన్నెను నిందించడం సరికాదు. దానికి 20 ఆంపియర్ల విడి లైను వాడాలి, సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగ పనికిరాదు. ప్రొపేన్ బర్నరును గరాజు తలుపు మూసి వెలిగించవద్దని కూడా చెప్పాలి, కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు గాని వాసన గాని ఉండవు.

గోదారిగట్టు (ఎడిసన్, న్యూజెర్సీ)

ప్రమాదాల మాట వచ్చింది కనుక గాజు కార్‌బాయ్ (పులియబెట్టే పెద్ద సీసా) గురించి చెబుతాను. బాత్‌టబ్బులో కడుగుతుండగా తడిచేతుల నుంచి జారి పగిలింది, నా పాదానికి ఎనిమిది కుట్లు పడ్డాయి. 5 గ్యాలన్ల ద్రవంతో అది 20 కిలోల పైన తూగుతుంది. మెడ దగ్గర పట్టుకొని ఎత్తడం, వేడి వర్ట్ అందులో పోయడం రెండూ చేయకూడదు. నేను ఆ తరువాత ప్లాస్టిక్ వాటికే మారాను.

సీసాలతో విసిగి కెగ్‌లకు (బీరు నిలవ ఉంచే లోహపు పీపాలకు) మారాలనుకునే తొలికాపు గారి లాంటివారు మూడు విషయాలు ముందుగా తెలుసుకోవాలి. నాకు మొదటి నెలలో 5 పౌన్ల కార్బన్ డయాక్సైడ్ సిలిండరు రెండుసార్లు ఒక్క రాత్రిలో ఖాళీ అయింది. సబ్బునీళ్లు పూసి వెతికితే కెగ్ మూతకున్న రబ్బరు రింగు దగ్గర బుడగలు వచ్చాయి. రింగులకు ఆహారానికి పనికివచ్చే కందెన రాసి, మూత బిగించాక 30 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌన్లు) ఒత్తిడి ఒక్కసారి ఇచ్చి కూర్చోబెడితే ఆ సమస్య తీరింది. సిలిండరును గాలి ఆడని చిన్న గదిలో పెట్టరాదు. ఇక గ్లాసు నిండా నురగే వస్తోందని చాలామంది ఒత్తిడి తగ్గిస్తారు, దానితో బీరు క్రమంగా చప్పబడుతుంది. నా అనుభవంలో లోపం గొట్టం పొడవులో ఉంటుంది. 3 డిగ్రీల చల్లదనంలో 12 పి.ఎస్.ఐ. దగ్గర, అంగుళంలో పదహారోవంతులు మూడు ఉన్న లోపలి వ్యాసం గొట్టాన్ని 4 అడుగులకు బదులు 10 అడుగులు పెడితే బీరు నెమ్మదించి నిదానంగా దిగుతుంది.

హైదరాబాదు పాఠకుడు

మీ చర్చను ఆసక్తితో చదువుతున్నాను. ఇక్కడ మాల్ట్, హాప్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. సొంత వాడకానికి కొద్దిగా తయారుచేసుకుంటే అభ్యంతరం ఉంటుందా?

నిర్వాహకుడు (మినియాపొలిస్)

ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో వర్తించే 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం, సొంతానికి చేసుకున్నా అంతే. సరుకు దొరకడం వేరు, అనుమతి ఉండటం వేరు. అమెరికాలో కూడా ఈ వెసులుబాటు చాలాకాలం లేదు. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో, ఒక వయోజనుడు ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ వయోజనులున్న ఇల్లు 200 గ్యాలన్ల దాకా, అమ్మకుండా, పన్ను లేకుండా తయారుచేసుకోవచ్చు. అలబామా, మిసిసిపీ 2013లో గాని ఒప్పుకోలేదు. బట్టీ పట్టి సారా దించడానికి ఆ వెసులుబాటు వర్తించదు. కాబట్టి ఈ వేదికలో హైదరాబాదు, విజయవాడ, విశాఖ వంటి చోట్ల తయారీకి సలహాలు ఇవ్వవద్దని సభ్యులను కోరుతున్నాను.

తొలికాపు (డాలస్, టెక్సస్)

పది వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. అదే పేల్ ఏల్ కిట్‌ను మళ్లీ చేశాను. నీటిలో పావు బిళ్ల కలిపాను. ఎక్స్‌ట్రాక్ట్ వేసేటప్పుడు మంట ఆపాను. ఐసు నీళ్ల పంపుతో 19 డిగ్రీలకు దించాకే ఈస్ట్ వేశాను. టబ్బులో నిలబెట్టి మొదటి నాలుగు రోజులు రోజుకు మూడు ఐసు సీసాలు మార్చాను, పట్టీ 20 డిగ్రీలు దాటలేదు. నమూనా తీసేముందు రెండు నిమిషాలు బాగా కలపడంతో మొదటి కొలత 1.050 వచ్చింది. 14వ రోజున, 17వ రోజున 1.011 దగ్గర నిలిచింది. కొత్త బకెట్, కొత్త కుళాయి వాడాను. నింపడం పూర్తయిన ఆ గంటలోనే కుళాయి విప్పి కడిగి, విప్పిన ముక్కలను అలాగే ఆరబెట్టాను.

మూడో వారంలో తెరిచిన సీసాలో నురగ రెండు వేళ్ల ఎత్తున నిలిచింది, నారింజ తొక్క వంటి హాప్స్ వాసన స్పష్టంగా ఉంది. నా భార్య ఇంతవరకు నా బీరు రుచి చూడలేదు, ఈసారి గ్లాసు పూర్తిగా తాగింది. ఏడో వారంలో మరొకటి తెరిచి గ్యాసు తీసి కొలిస్తే 1.011 చూపింది, ఒక్క పాయింటు కూడా దిగలేదు. అయినా సీసాలను మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలోనే ఉంచుతున్నాను.

గోదారిగట్టు (ఎడిసన్, న్యూజెర్సీ)

చాలా సంతోషం. పెట్టెలో ఉంచడం మానకండి. వీలైతే రెండు సీసాలను ఫ్రిజ్‌లో పెట్టకుండా 12వ వారం దాకా గది వేడిలోనే ఆ పెట్టెలో ఉంచి, అప్పుడు మరోసారి కొలిచి ఆ అంకె ఇక్కడే రాయండి. డయాస్టాటికస్ వంటిది ఏమైనా మిగిలి ఉంటే ఆలోగా బయటపడుతుంది.